సామూహిక విధ్వంసక ఆయుధాలను ఎదుర్కొనే ప్లాన్‌లో అసలు ఏం ఉంటుంది?

ప్రశ్న: మాది చీపురుపల్లి. సైన్యంలో ఆఫీసర్ కావడానికి సీడీఎస్ పరీక్షకి చదువుతున్నాను. అణు, జీవ, రసాయన ఆయుధాలను ఎదుర్కోవడం అంటే గ్యాస్ మాస్కులు, సూట్లేనా? శత్రువు దగ్గర అవి ఉన్నాయని తెలిస్తే ముందే బాంబులేసి పోగొట్టొచ్చు కదా? మన వైపు అలాంటిది జరిగితే ఎవరొస్తారు? కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం వస్తే మనం టార్గెట్ అయిపోతామని మా తాత అంటున్నాడు, నిజమేనా?

సమాధానం:

తమ్ముడూ, నాది నరసన్నపేట దగ్గర ఊరు. సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో పనిచేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. మన సైన్యంలో ఈ పని ఎక్కువగా ఇంజనీర్ల నెత్తిన పడుతుంది, శిక్షణ పుణెలోని కాలేజ్ ఆఫ్ మిలిటరీ ఇంజనీరింగ్‌లో ఉంటుంది. నేను చెప్పేదంతా బయట అచ్చయిన సంగతులే. రహస్యాలు అడక్కు, చెప్పను.

మాస్కు, సూటు అన్నవి ప్లాన్‌లో ఆఖరి పేజీలు. వాటి దాకా వచ్చామంటే ముందు పేజీలన్నీ విఫలమైనట్టు లెక్క. అసలు ప్లాన్ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఎవడి దగ్గర ఏముంది? అది ఇప్పుడు ఎక్కడుంది? దాన్ని మన చేతిలోకి తీసుకున్నాక ఎవరు కాపలా కాస్తారు? మొదటి రెండూ అందరికీ తడతాయి. మూడోదాన్ని పెద్ద పెద్ద సైన్యాలే మరిచిపోయాయి.

ఇలాంటి ఆయుధం ఒక్కరోజులో పుట్టదు. కావాలనే కోరిక, సరుకు, తెలిసిన మనుషులు, తయారీ, నిల్వ, రవాణా, ఆ తర్వాతే వాడకం. ప్లాన్ వేసేవాడు ఈ వరుసంతా గోడ మీద గీసుకుని, ఎక్కడ తెంపితే తక్కువ నష్టంతో పోతుందో చూస్తాడు. ఎంత ముందు తెంపితే అంత చవక. అందుకే ఈ యుద్ధంలో ఎక్కువ భాగం ఓడరేవుల్లో, కస్టమ్స్ ఆఫీసుల్లో, ఫ్యాక్టరీ రిజిస్టర్లలో జరుగుతుంది. పైడిభీమవరం ఫార్మా కంపెనీల మీదుగా ఎప్పుడైనా వెళ్లే ఉంటావు. అలాంటి పరిశ్రమల్లో వాడే రసాయనాల్లో కొన్ని మందులకీ పనికొస్తాయి, విషానికీ పనికొస్తాయి. బాల్‌పెన్ సిరాలో వాడే ఒక ద్రావకం ఒళ్లంతా బొబ్బలెక్కించే మస్టర్డ్ గ్యాస్ తయారీకి కూడా ముడిసరుకే. అందుకే రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం 1997లో అమల్లోకి వచ్చినప్పుడు ఆయుధాలను నిషేధించి ఊరుకోలేదు. రసాయనాలను షెడ్యూళ్లుగా విడగొట్టి, కంపెనీలు లెక్కలు చెప్పాలని, హేగ్‌లోని ఒప్పందం సంస్థ నుంచి ఇన్‌స్పెక్టర్లు వస్తే గేటు తీయాలని రాసింది. మనదేశం కూడా తన దగ్గర వెయ్యి టన్నులకు పైగా మస్టర్డ్ ఉందని ప్రకటించి, 2009 నాటికి మొత్తం నాశనం చేసింది. అనుమతి లేకుండా ఎగుమతి చేయకూడని సరుకుల స్కోమెట్ జాబితా, 2005లో సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం, 2022లో వాటికి డబ్బు సమకూర్చడాన్ని కూడా నేరం చేసిన సవరణ, ఇవన్నీ ఆ వరుసను మొదట్లోనే తెంపే కత్తెర్లు. పరీక్షలో అడిగితే ఈ వరుస రాయి, మార్కులొస్తాయి.

సముద్రం మీద తెంపడం ఇంకో కథ. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతున్న రోజుల్లోనే కు వోల్ సాన్ అనే ఉత్తర కొరియా ఓడ పంచదార దింపడానికి గుజరాత్‌లోని కాండ్లా రేవుకు వచ్చింది. మన కస్టమ్స్ వాళ్లు వెతికితే క్షిపణి భాగాలు, యంత్రాలు దొరికాయి. పట్టింది ఏ కమాండోలూ కాదు, పెట్టెలు విప్పి చూసిన ఉద్యోగులు. 2002 డిసెంబర్‌లో స్పెయిన్ నౌకాదళం సో సాన్ అనే ఇంకో ఓడను ఆపితే సిమెంట్ బస్తాల కింద 15 స్కడ్ క్షిపణులు బయటపడ్డాయి. అంత కష్టపడి పట్టుకున్నాక వదిలేయాల్సి వచ్చింది. అవి యెమెన్ కొనుక్కున్న సరుకు, నడిసముద్రంలో జప్తు చేసే చట్టం లేదు. ఆ తలనొప్పి తర్వాతే 2003లో కొన్ని దేశాలు కలిసి, ఇలాంటి సరుకును దారిలోనే ఆపడానికి ప్రొలిఫరేషన్ సెక్యూరిటీ ఇనిషియేటివ్ అనే ఏర్పాటు పెట్టుకున్నాయి. అదే ఏడాది అక్టోబర్‌లో బీబీసీ చైనా అనే ఓడను ఇటలీ రేవుకు మళ్లించి, లిబియాకు వెళ్తున్న యురేనియం శుద్ధి యంత్రాల భాగాలను దించేశారు. డిసెంబర్ కల్లా లిబియా తన కార్యక్రమం మొత్తం వదులుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ ఓడ ఒక్కటే కారణం అనను, కానీ పెద్ద కారణమే. అందుకే ప్లానింగ్ గదిలో పటాలు చూసేవాడి పక్కనే చట్టం తెలిసినవాడికీ ఒక కుర్చీ ఉంటుంది.

ఇక నీ రెండో ప్రశ్న. ఉన్నాయని తెలిస్తే బాంబు వేయొచ్చు కదా? కొన్నిసార్లు వేశారు. 1981 జూన్‌లో ఇజ్రాయెల్ ఇరాక్‌లోని ఓసిరాక్ రియాక్టర్‌ను కూల్చింది. కానీ అందులో అప్పటికి అణు ఇంధనం ఇంకా వాడకంలోకి రాలేదు. వచ్చాక కొడితే కథ వేరేగా ఉండేది. రసాయనాల గోదాం మీద తెలియకుండా బాంబు వేయడమంటే తేనెపట్టు మీద రాయి వేయడమే.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఖమీసియా. 1991 మార్చిలో గల్ఫ్ యుద్ధం అయిపోయాక, దక్షిణ ఇరాక్‌లోని ఆ ఆయుధ డిపోను అమెరికా సైన్యంలోని ఇంజనీర్లు, అంటే మా పనివాళ్లే, పేల్చేశారు. మామూలు మందుగుండు అనుకున్నారు. అందులో సారిన్ అనే నరాల విషం నింపిన రాకెట్లున్నాయి. ఆ డిపో గురించి సీఐఏ దగ్గర ముందే కొంత సమాచారం ఉంది, పేల్చే యూనిట్ దాకా అది చేరలేదు. ఈ సంగతి పెంటగాన్ ఒప్పుకున్నది 1996లో. ఆ తర్వాత గాలి ఎటు వెళ్లి ఉంటుందో లెక్కలు కట్టి, దాదాపు లక్ష మంది సైనికులకు మీ మీదుగా పలచగా పోయి ఉండొచ్చని ఉత్తరాలు రాశారు. ఎవరూ ఆ రోజు అక్కడికక్కడ పడిపోలేదు. కానీ తర్వాత ఒంట్లో ఏ నలత వచ్చినా అదేనేమో అన్న టెన్షన్ ఆ లక్ష మందికీ మిగిలింది. దీని నుంచి ప్లాన్‌లోకి వచ్చిన నియమం ఒకటే: లోపల ఏముందో తేలే వరకు ఏ గోదామూ మామూలు గోదాం కాదు. ముందు రెక్కీ, తర్వాత నమూనా, తర్వాత ల్యాబ్, ఆ తర్వాతే పేలుడు మందు సంగతి.

కాపలా ఎవరిదన్న నా మూడో ప్రశ్నకు జవాబు 2003లో బాగ్దాద్ దగ్గర తువైతాలో దొరుకుతుంది. ఇరాక్ అణు కార్యక్రమానికి అదే పాత కేంద్రం. అమెరికా యుద్ధానికి వెళ్లిందే ఈ ఆయుధాల పేరు చెప్పి. తీరా రాజధాని పడిపోయిన రోజుల్లో ఆ కేంద్రానికి సరైన కాపలా లేదు. చుట్టుపక్కల జనం దూరి, యురేనియం పొడి ఉన్న పీపాలను అక్కడే ఒంపేసి, పీపాలు ఇళ్లకు పట్టుకుపోయారు. వాటిలో నీళ్లు పోసుకుని తాగారు. వాళ్లకి కావాల్సింది పీపా, యురేనియం కాదు. ఆ కాపలాకి కొన్ని వందల మందిని ముందే రాసిపెట్టి ఉంటే సరిపోయేది. కానీ బలగాలన్నీ రాజధాని వైపు పరుగెత్తే లెక్కలో ఉన్నాయి. పైగా వెతికిన ఆయుధాల నిల్వలేవీ దొరకలేదన్నది నీకు తెలిసిందే. సమాచారం తప్పితే ప్లాన్ ఎంత అందంగా ఉన్నా వ్యర్థమని ఆ ఒక్క యుద్ధం రెండు వైపుల నుంచీ చూపించింది.

బాగా జరిగిన పని కూడా ఒకటి చెప్పాలి కదా. 2013 ఆగస్టులో సిరియాలోని ఘూటాలో సారిన్ దాడి జరిగాక, ఆ దేశం ఒత్తిడికి లొంగి ఒప్పందంలో చేరింది. మరి ఆ సరుకును ఎక్కడ నాశనం చేయాలి? మా గడ్డ మీద వద్దని దేశాలన్నీ చేతులెత్తేశాయి. చివరికి కేప్ రే అనే అమెరికా ఓడలోనే యంత్రాలు బిగించి, 2014లో మధ్యధరా సముద్రం మీద సుమారు 600 టన్నుల విషాన్ని వేడినీళ్లతో, రసాయనాలతో విరగ్గొట్టారు. ఒక్క బాంబు వేయలేదు. యుద్ధం జరుగుతున్న దేశంలోంచి సరుకును రోడ్డు మీద లటాకియా రేవుకి తేవడం, డెన్మార్క్, నార్వే ఓడల్లోకి ఎక్కించడం, మిగిలిన మురికినీటిని ఏ దేశపు ప్లాంటుకు పంపాలో ఒప్పందాలు రాసుకోవడం, ఇదంతా ప్లానింగే. నన్నడిగితే ఈ రంగంలో చదవదగ్గ ఆపరేషన్ అదే.

జీవాయుధాల దగ్గర లెక్క ఇంకా చిక్కు. విషవాయువు నిమిషాల్లో తెలుస్తుంది, క్రిమి రోజుల తర్వాత ఆసుపత్రి ఓపీలో తెలుస్తుంది. అప్పటికి అది దాడా, మామూలు జబ్బా అన్నదే పెద్ద ప్రశ్న. మన ఉద్దానం చూడు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుకు ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా కారణం ఇదీ అని ఒక్కమాటలో తేలలేదు. ఎవరూ దాచని, ఎవరూ చేయని జబ్బుకే ఇంత కష్టమైతే, కావాలని దాచి వదిలినదాన్ని ఫలానా వాడే చేశాడని నిరూపించడం ఎంత కష్టమో ఊహించుకో. 2001లో అమెరికాలో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ పంపితే అయిదుగురు చనిపోయారు, దర్యాప్తు ఏళ్ల తరబడి సాగింది. ఈ విభాగంలో మొదటి సెంట్రీ సైనికుడు కాదు, పీహెచ్‌సీ డాక్టరే.

మన అణు విధానం కూడా ఈ నిరూపణ మీదే ఆధారపడి ఉంది. 2003 జనవరిలో ప్రకటించిన దాని ప్రకారం మనం ముందుగా అణ్వాయుధం వాడం. కానీ మన మీద, లేదా ఎక్కడున్నా మన బలగాల మీద, పెద్ద ఎత్తున జీవ, రసాయన దాడి జరిగితే అణ్వాయుధంతో బదులిచ్చే అవకాశాన్ని ఉంచుకున్నాం. ఆ నిర్ణయం ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలిది. ఎవరు చేశారో ఖాయంగా తేలకపోతే ఆ వాక్యానికి బలం ఉండదు. అందుకే నమూనా సేకరణ, దాన్ని ఎవరు తీసి ఎవరికి ఇచ్చారన్న కాగితం, ఇవి మాకు తుపాకీ శుభ్రం చేయడం అంత ముఖ్యంగా నేర్పుతారు.

ఇప్పుడు నీ మాస్కు దగ్గరకి వద్దాం. మన సూటు లోపల యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉంటుంది, విషపు ఆవిరిని అది పట్టేస్తుంది. గ్వాలియర్, కాన్పూర్‌లలోని డీఆర్‌డీవో ల్యాబులు వీటి మీద పనిచేస్తాయి. 2025 ఫిబ్రవరిలో రక్షణ శాఖ గాలిలో విషాన్ని పసిగట్టి అలారం కొట్టే 223 పరికరాలకు ఎల్ అండ్ టీతో 80.43 కోట్ల ఒప్పందం చేసుకుంది, అది కూడా గ్వాలియర్ డిజైనే. ఇదంతా మంచిదే. కానీ సూటు వేసుకున్నవాడికి అసలు శత్రువు ఒంటి వేడి. మే నెలలో మన బారువా తీరాన ఉక్కపోతలో చొక్కాతోనే నిలబడలేం. సూటు, మాస్కు, రబ్బరు గ్లవ్స్, బూట్లు అన్నీ తగిలించుకుని పార పట్టుకుంటే కాసేపటికే కళ్లు తిరుగుతాయి. మాట సరిగా వినపడదు, వేలితో చిన్న స్విచ్ నొక్కలేం, నీళ్లు తాగడానికి కూడా ప్రత్యేకం గొట్టం కావాలి. అందుకని కమాండర్ ముందున్న ప్రశ్న సూట్లు ఉన్నాయా అన్నది కాదు. ఎవరిని, ఎప్పుడు, ఎంతసేపు సూట్లో ఉంచాలన్నది. ముప్పు పెరిగే కొద్దీ అంచెలంచెలుగా తొడుక్కోవడం, పనిని వంతులవారీగా పంచడం, ఒక పనికి మామూలుగా పట్టే మనుషుల కంటే ఎక్కువమందిని రాసుకోవడం, ఇవి లెక్కలోకి రాకపోతే విషం తగలకుండానే మన జవాన్లు వడదెబ్బతో పడిపోతారు. విశాఖలో నేవీ ఓడల వాళ్లకి కాస్త సుఖం. లోపల గాలి ఒత్తిడి పెంచి బయటి గాలి రాకుండా చేసే గదులుంటాయి, పైన డెక్ మీద సముద్రపు నీళ్లే జల్లి కడిగేస్తారు. మాకు నేల మీద నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూపే.

ఒక చిన్న సంగతి. సారిన్ లాంటి నెర్వ్ ఏజెంట్లు, మన పొలాల్లో కొట్టే కొన్ని పురుగుల మందులు ఒకే కుటుంబం, ఆర్గానోఫాస్ఫేట్లు. బలంలో తేడా చాలా ఎక్కువ, కానీ ఒంట్లో పనిచేసే దారి ఒకటే. విరుగుడు కూడా అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్‌లే. పురుగుల మందు తాగినవాళ్లను తరచుగా చూసే మన జిల్లా ఆసుపత్రుల డాక్టర్లకు ఈ వైద్యం కొత్తేమీ కాదు. లోటు వచ్చేది మందు నిల్వ దగ్గర. ఒకేసారి వందమంది వస్తే ఏ స్టోర్‌లో ఎన్ని ఆంప్యూళ్లున్నాయన్నది ముందే తెలియాలి.

వందమంది ఎందుకన్నానంటే, 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో ఓం షిన్రిక్యో ముఠా సారిన్ వదిలినప్పుడు చనిపోయినవాళ్లు పది పదిహేను మందే, ఆసుపత్రులకు పరుగెత్తినవాళ్లు 5 వేలకు పైమాటే. చాలామంది అంబులెన్స్ కోసం ఆగలేదు. నడిచి, ట్యాక్సీలెక్కి వెళ్లిపోయారు. వాళ్ల బట్టల్లోంచి ఆవిరి వచ్చి ఒక పెద్ద ఆసుపత్రిలో సిబ్బందిలో దాదాపు నాలుగో వంతుకు లక్షణాలు కనిపించాయి. గేటు బయటే బట్టలు మార్పించి, నీళ్లు పోసి పంపే ఏర్పాటు ఉంటే చాలావరకు తప్పేది. ఆసుపత్రి గేటు దగ్గర రెండు పైపులు, ఒక టెంటు, మారు బట్టల మూట. ఇంతకంటే తక్కువ ఖర్చులో ఎక్కువ ప్రాణాలు కాపాడే ఏర్పాటు ఈ రంగంలో నేను చూడలేదు.

మరి మన వైపు జరిగితే? ముందు వచ్చేది సైన్యం కాదు, ఇది గుర్తుపెట్టుకో. స్థానిక పోలీసు, ఫైర్, 108. బాధ్యత కలెక్టర్‌ది. తర్వాత ఎన్‌డీఆర్‌ఎఫ్, అంటే జాతీయ విపత్తు స్పందన దళం. మనకు దగ్గరివి గన్నవరం దగ్గర కొండపావులూరులోని 10వ బెటాలియన్, అటు ఒడిశాలో కటక్ దగ్గర ముండలిలోని 3వది. కలెక్టర్ అడిగితే విశాఖ నుంచి నేవీ, ఇతర సైనిక బలగాలు సాయానికి వస్తాయి, కమాండ్ మాత్రం సివిల్ వాళ్లదే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం లీకైనప్పుడు జరిగింది ఇదే. అది ఆయుధం కాదు, ప్రమాదం. కానీ 12 మంది పోయారు. పుణె నుంచి ఎన్‌డీఆర్‌ఎఫ్ ప్రత్యేక బృందాన్ని, గుజరాత్ వైపు నుంచి ఆ రసాయనాన్ని శాంతింపజేసే మందును విమానాల్లో తెచ్చారు. నిపుణులు వచ్చేసరికి మొదటి గంటలు గడిచిపోయాయి, ఎక్కడైనా గడిచిపోతాయి. ఆ గంటలు ఊరివే.

ఇక్కడే మనకో చిక్కుంది. హుద్‌హుద్, తిత్లీల పుణ్యమా అని మన జిల్లాల వాళ్లకు తుపాను అలవాటు. రెండు రోజుల ముందే మైకు, ఊరు ఖాళీ, తుపాను షెల్టర్. విషవాయువుకి ఆ పద్ధతి ఎదురు తిరుగుతుంది. ముందు హెచ్చరిక ఉండదు. అందరూ రోడ్డెక్కితే గాలివాలులో పరుగెత్తి ఎక్కువ పీలుస్తారు. వాసన మొదలైన చోట గాలికి అడ్డంగా, అంటే గాలి తూర్పు నుంచి వీస్తుంటే ఉత్తరానికో దక్షిణానికో జరగాలి. అంత వీలు లేకపోతే తలుపులు, కిటికీలు మూసి సందుల్లో తడిగుడ్డలు కుక్కి ఇంట్లోనే ఉండాలి. చాలా విషవాయువులు గాలి కంటే బరువు, పల్లంలో పేరుకుంటాయి కాబట్టి మేడ మీద గది మేలు. తీరప్రాంతంలో పగలు గాలి సముద్రం నుంచి, రాత్రి నేల నుంచి తిరుగుతుంది. పగటి ప్లాన్ రాత్రికి పనికిరాదు. మన వైపు కెమికల్ మాక్ డ్రిల్ చేసే అధికారులెవరైనా ఇది చదివితే, దయచేసి పగలు పదకొండింటికే కాకుండా రాత్రి మూడింటికి కూడా ఒకసారి చేయించండి.

మీ తాతగారి భయం సంగతి. కొవ్వాడలో ప్రతిపాదన ఆరు వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 రియాక్టర్లు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. రియాక్టర్ అణుబాంబులా పేలదు. అందులో యురేనియం 5 శాతం లోపే శుద్ధి చేసి ఉంటుంది, బాంబుకి 90 శాతం దాకా కావాలి. ప్రమాదమైతే బయటపడేది రేడియో ధార్మికత, అది చిన్న విషయమని నేను అనను. టార్గెట్ అంటావా, భారత్, పాకిస్తాన్ 1988 డిసెంబర్ 31న ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని రాసుకున్నాయి. 1992 నుంచి ప్రతి జనవరి 1న జాబితాలు మార్చుకుంటున్నాయి, ఎంత గొడవల్లో ఉన్నా ఇది ఆగలేదు. కాగితం యుద్ధాన్ని ఆపుతుందా అంటే, 2022లో ఉక్రెయిన్‌లోని జపోరిజియా కేంద్రాన్ని రష్యా సేనలు ఆక్రమించడం అందరం చూశాం. కాబట్టి భయం పూర్తిగా ఉత్తిది కాదు, కానీ కేంద్రం రావడంతోటే మీ ఊరు శత్రువు పటంలో ఎర్రచుక్క అయిపోతుందన్నదీ నిజం కాదు. తూర్పు నౌకాదళ కమాండ్ విశాఖలో ఉండగా ఆ పటంలో మన తీరం ఎప్పుడో ఉంది. కేంద్రం వస్తే మీ తాతగారు అడగాల్సింది వేరే. చుట్టూ 16 కిలోమీటర్ల అత్యవసర ప్రణాళిక పరిధిలో మా ఊరుందా? అయోడిన్ మాత్రలు ఎక్కడ నిల్వ చేస్తారు? ఖాళీ చేయాల్సి వస్తే ఏ రోడ్డు? రణస్థలం దగ్గర ఎన్‌హెచ్ 16 మీద మామూలు పండగరోజే వాహనాలు బారులు తీరతాయి. అయోడిన్ మాత్ర కూడా థైరాయిడ్ ఒక్కదాన్నే కాపాడుతుందని ఆయనకి చెప్పు, అన్నిటికీ మందు అనుకుంటారు.

చివరగా, ఈ పనిలోకి రావాలనుంటే మన సైన్యంలో దీనికి వేరే కోర్ లేదు. సీడీఎస్ గట్టెక్కాక ఇంజనీర్స్ అడుగు, ఆ తర్వాత పుణె కోర్సుకు పేరు ఇవ్వు. ఎన్‌డీఆర్‌ఎఫ్ అయితే కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్ మీద వెళ్తారు. ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకం ఇంట్లో ఉంటే అమ్మేయకు. ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూలో ఈ టాపిక్ వస్తే మాస్కుతో మొదలుపెట్టకు, కాండ్లా రేవుతో మొదలుపెట్టు.